టావిస్టాక్ వెళ్ళిన సోమవారం

1941 జనవరి 14, మంగళవారం. డెవన్‌పోర్ట్

నేవీలో పనిచేసే ఆడవాళ్ళ హాస్టల్లో మంచాలు లేవని నన్ను ఈ కొండవాలు వీధిలో ఒక ఇంట్లో పెట్టారు. వెనక కిటికీ తీస్తే రేవంతా కనిపిస్తుంది, చలి కొడుతుంది. మూస్తే హెర్రింగ్ చేప వాసన. రెండింట్లో ఒకటి భరించాలి.

ఇంటావిడ మిసెస్ ట్రెనౌత్. భర్త పోయాడు. కొడుకులిద్దరూ నేవీలోనే. పెద్దవాడు జాగోకి టావిస్టాక్ అనే క్రూజర్‌లో, బాయిలర్ గదిలో పని. ఓడ ఇప్పుడు రేవులోనే ఉంది కాబట్టి ఇంటికి వచ్చి పోతున్నాడు. చిన్నవాడు పెరాన్ మందుపాతరలు ఏరే చిన్న ఓడ మీద ఉన్నాడు. జాగో భార్య లవ్‌డే కూడా ఇక్కడే. నా ఈడుదే. డాక్‌యార్డ్ క్యాంటీన్‌లో రొట్టెలు కోస్తుంది.

ఏం చదివావని మిసెస్ ట్రెనౌత్ అడిగింది. నాటింగ్‌హామ్‌లో చరిత్ర, మూడేళ్ళు అన్నాను. అయిపోయినదాన్ని మూడేళ్ళు చదవడానికి ఏముంటుంది, అంది. చేప పొట్ట చీల్చడం వచ్చా అని అడిగింది. రాదు. ఈతా రాదు. ఒంటి మీద మాత్రం నేవీ యూనిఫాం. లవ్‌డే మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

నా పని కొండ కింద సొరంగంలో. అంకెలుగా వచ్చే సందేశాలను మాటలుగా మార్చి టైపు చేయాలి. అక్కడ చూసింది ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను. అమ్మకి కూడా. ఇలా డైరీ రాసుకోవడం కూడా తప్పే అనుకుంటాను.

జనవరి 23, గురువారం

పొద్దున్నే జాగో సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు. వస్తా ప్రొఫెసరుగారూ, నేనొచ్చేలోపు మా అమ్మకి కాస్త చరిత్ర నేర్పండి, అన్నాడు. వీడికి నోరు తప్ప ఇంకేదీ పనిచేయదు, అంది వాళ్ళమ్మ. ఎవరూ గుమ్మం దాటి వెళ్ళలేదు. ఓడ కనుమరుగయ్యేదాకా చూడకూడదట.

నాకు డ్యూటీ లేదు. ఎండ వచ్చింది. జనవరిలో ఎండ వస్తే ఎవరు మాత్రం వదులుకుంటారు? చొక్కాలు, మేజోళ్ళు ఉతికి పెరట్లో దండెం మీద ఆరేశాను. మిసెస్ ట్రెనౌత్ బయటికి వచ్చింది. ఒక్కొక్కటే తీసి బకెట్లో వేసింది. బకెట్ నా కాళ్ళ దగ్గర పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తప్పేమిటో అర్థం కాక అలాగే నిలబడ్డాను.

సాయంత్రం లవ్‌డే చెప్పింది. ఓడ బయలుదేరిన రోజు ఇంట్లో బట్టలు ఉతికితే, ఓడలో మన మనిషి నీళ్ళలో కొట్టుకుపోతాడట. ఉతికింది నేను కదా, నాకు ఆ ఓడలో ఎవరూ లేరు కదా, అన్నాను.

దండెం మాది కదా, అంది.

జనవరి 25

నాటింగ్‌హామ్‌లో అయితే నవ్వేదాన్ని. ఇక్కడ తడి మేజోళ్ళు వంటింట్లో కుర్చీ వీపు మీద ఆరబెట్టుకున్నాను.

మార్చి 23, ఆదివారం

రెండు రాత్రులు వరసగా బాంబులు. ఊరి నడిబొడ్డు లేదు. నేను రోజూ బస్సెక్కే మూల ఏదో కనుక్కోలేకపోయాను. మా వీధి చివర ఇళ్ళు కూలిపోయాయి. వాటిలో ఒకదాంట్లో మేడ మీది మంచం గోడ లేకుండా అలాగే గాలిలో నిలబడి ఉంది, దుప్పటి కూడా చెదరలేదు.

బాంబులు పడుతున్నంతసేపూ మిసెస్ ట్రెనౌత్ బల్ల కింద కెటిల్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇల్లు పోతే గవర్నమెంటు ఇంకోటి ఇస్తుంది, కెటిల్ ఎవడిస్తాడు, అంది. పొద్దున కుళాయిలో నీళ్ళు లేవు. ఓడ మీద ఉన్నవాళ్ళే నయం, అంది లవ్‌డే. అక్కడ వాళ్ళు మన గురించి భయపడుతూ ఉంటారు.

జూన్ 2, సోమవారం

టావిస్టాక్ ఇప్పుడు మధ్యధరా సముద్రంలో ఉంది. నిన్న సొరంగంలో నా బల్ల మీదికే వచ్చింది: వెనక ఫిరంగుల టరెట్ మీద బాంబు, యాభై మందికి పైగా పోయారు, ఓడ కదులుతోంది. పేర్లు లేవు.

ఇంటికి వచ్చాను. లవ్‌డే బఠాణీలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒలిచాను. చేతులకి పని ఉంటే మొహానికి పని తగ్గుతుంది.

జూన్ 19

జాగో ఉత్తరం. బాగున్నాడట. ఓడకి కాస్త రంగు ఊడింది అని రాశాడు. లవ్‌డే చదివి వినిపించింది. రంగు ఊడితే ఉత్తరం రాస్తాడా వీడు, అంది మిసెస్ ట్రెనౌత్. గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

టావిస్టాక్ వచ్చి డాక్‌లో పడుకుంది. వెనక భాగం చూస్తే ఎవరో కొరికి వదిలేసినట్టుంది. బాగుచేయడానికి నెలలు పడుతుందట.

జాగో సగమయ్యాడు. కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాడు. లేచి బంగాళాదుంపల తొక్క తీస్తూ, ఈ ఓడ చరిత్ర మీరే రాయాలి ప్రొఫెసరుగారూ, మావాళ్ళలో అక్షరాలు వచ్చినవాడు లేడు, అన్నాడు. సరే చెప్పు అన్నాను. నార్వేలో చొక్కా చేతులు గడ్డకట్టి కర్రల్లా నిలబడేవట. అక్కడి నుంచి వెనక్కి తెచ్చిన సైనికులు డెక్ మీద కూర్చోడానికి చోటు లేక నిలబడే నిద్రపోయారట, ఒకడు నిలబడే చచ్చిపోయాడట, ఎవరికీ తెలియలేదట. తర్వాత అట్లాంటిక్‌లో సరుకు ఓడలకి కాపలా. నెలల తరబడి ఒక్క శత్రువూ కనిపించలేదు. వంటవాడు మాత్రం రోజూ కనిపించేవాడు, అన్నాడు. తర్వాత మధ్యధరా అన్నాడు.

చేతిలో దుంప తొక్క ఎక్కడా తెగకుండా పూర్తిగా తీశాడు. ఇంకోటి తీసుకున్నాడు.

నవంబర్ 9, ఆదివారం

ఈ రోజు టావిస్టాక్ మీదికి వెళ్ళాను. పక్కింటి మిసెస్ బంట్ కూతురికి బాప్తిస్మం. మిస్టర్ బంట్ ఆ ఓడలోనే వంటవాడు. ఓడ గంటని విప్పి తలకిందులు చేసి అందులో నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళతోనే బిడ్డకి పేరు పెడతారు. తర్వాత ఆ పేరు గంట లోపలి వైపు చెక్కుతారు. వంగి చూశాను. లోపల చుట్టూ చిన్న చిన్న పేర్లు. ఈ వీధిలో నాకు తెలిసిన పిల్లలే చాలామంది. ఇక మోర్వెన్నా బంట్ కూడా.

దేవుడి పుస్తకంలో ఉంటుందో ఉండదో గానీ ఇక్కడ మాత్రం పేరు గట్టిగా ఉంటుంది, కంచు కదా, అంది మిసెస్ బంట్. జాగో లవ్‌డే చెవిలో ఏదో అన్నాడు. ఆమె వాడి భుజం మీద కొట్టింది. అప్పుడు అర్థమైంది నాకు.

1942 జనవరి 18

లవ్‌డేకి కాన్పు జూన్‌లో అట. మగపిల్లాడైతే ఏం పేరు, ఆడపిల్లైతే ఏం పేరు అని ఇంట్లో రోజూ గొడవ. గంటలో చోటు ఎంత మిగిలిందో జాగో వేలితో కొలిచి వచ్చాడట. పొడుగు పేరు పెట్టకు అత్తా, పట్టదు, అంటోంది లవ్‌డే.

మిస్టర్ బంట్‌ని ఇంకో ఓడకి మార్చారు. మంచి ఓడ పోయిందని మిసెస్ బంట్ మధ్యాహ్నమంతా ఏడ్చింది.

ఫిబ్రవరి 28, శనివారం

టావిస్టాక్ తయారైంది. సెలవులు రద్దు. అందరినీ ఓడ ఎక్కించేశారు, కిందికి రానివ్వడం లేదు. ఎప్పుడు బయలుదేరుతుందో ఓడలోవాళ్ళకే చెప్పలేదు. ఇంట్లోవాళ్ళకి ఇంకేం తెలుస్తుంది?

నాకు తెలుసు.

మార్చి 2, సోమవారం

సోమవారం ఉతుకుల రోజు. ఈ వీధిలోనే కాదు, దేశమంతటా. పైగా ఏడాదికొకసారి వచ్చేలాంటి రోజు. మంచి ఎండ, మంచి గాలి. తెల్లవారేసరికి కొండవాలంతా దుప్పట్లు రెపరెపలాడుతున్నాయి. నా బుట్ట నిండుగా ఉంది.

ఉతకలేకపోయాను. మూఢనమ్మకం అని నాకు నేనే చెప్పుకున్నాను. బకెట్ దాకా వెళ్ళాను. జాగో మొహం గుర్తొచ్చింది. బుట్ట మంచం కిందికి తోసేసి, తలనొప్పి అని పడుకున్నాను.

మిసెస్ ట్రెనౌత్ తలుపు దగ్గరికి వచ్చి చూసింది. మంచం కిందికి చూసింది. కాసేపటికి పెరట్లో క్లిప్పుల చప్పుడు. కిటికీ దగ్గరికి వెళ్ళాను. తడి దుప్పట్లు తీసేస్తోంది. గోడ అవతల మిసెస్ బంట్ ఆగి చూసింది. ఆమె భర్త ఇప్పుడు ఆ ఓడలో లేడు, అయినా తనవీ తీసేసింది. తర్వాత ఆ పక్కిల్లు. తర్వాత కింది వీధి. పది గంటలకల్లా కొండ మీద చేతిరుమాలు కూడా లేదు. అన్ని దండేలూ ఖాళీ.

మధ్యాహ్నం టావిస్టాక్ కదిలింది. డెక్ మీద ఉన్నవాళ్ళకి మా కొండ కనిపించే ఉంటుంది.

మార్చి 4

సొరంగంలో మమ్మల్నందరినీ వరసలో నిలబెట్టారు. మా పై అధికారి మిస్ హార్కోర్ట్ గొంతు పెంచదు. సోమవారం పూట, అంత ఎండలో, డెవన్‌పోర్ట్ కొండ మీద ఒక్క గుడ్డ కూడా లేకపోవడం ఎవరైనా గమనించారా, అంది. శత్రువు విమానం ఒక్క ఫోటో తీస్తే చాలు, అంది. మీలో ఎవరో నోరు జారారు, అంది.

నేను నోరు విప్పలేదు. నిజంగానే విప్పలేదు. బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చి మిసెస్ ట్రెనౌత్‌తో, ఇకనుంచి ప్రతి సోమవారం ఉతుకుతాను, ఏమైనా సరే ఉతుకుతాను, అన్నాను. నీ ఉద్యోగం నీది తల్లీ, ఉతుక్కో, అంది.

మార్చి 29

జాగో ఉత్తరం. ఉత్తరాన ఎక్కడో ఉన్నారు. రష్యాకి సరుకు ఓడల వెంట వెళ్తున్నారని సెన్సార్ వాడు నల్లగా పూసినా తెలిసిపోతుంది. ఇక్కడ టీ పోసుకునేలోపు చల్లారుతుంది, తాగేలోపు గడ్డకడుతుంది, బాయిలర్ గదిలో ఉన్న మేమే మహారాజులం, పైవాళ్ళంతా ఏదో వంకతో కిందికి దిగి వస్తున్నారు, అని రాశాడు.

ఏప్రిల్ 16, గురువారం. ఉదయం పదకొండు

సొరంగం బయట మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

ఓడ పేరు సందేశంలో ముందు రాదు. టైము వస్తుంది, ఎక్కడ జరిగిందో వస్తుంది. తర్వాత పేరు, ఒక్కొక్క అక్షరం. టి వచ్చింది. టి తో మొదలయ్యే ఓడలు చాలా ఉన్నాయి అనుకున్నాను. ఏ వచ్చింది. పక్క బల్ల అమ్మాయి బిస్కెట్ తింటోంది. వి వచ్చింది.

రెండు టార్పీడోలు. రెండూ బాయిలర్ గదుల దగ్గర. కొద్ది నిమిషాల్లో మునిగింది. వెంట ఉన్న డిస్ట్రాయర్ ఓడలు కొందరిని నీళ్ళలోంచి తీశాయి.

ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను. మిస్ హార్కోర్ట్ చూసి, శుభ్రంగా ఉంది, అంది.

ఏప్రిల్ 18

బతికినవాళ్ళ పేర్లు వచ్చాయి. జాగో లేడు. బాయిలర్ గదుల నుంచి ఒక్కరూ లేరు.

ప్రకటించేదాకా ఎవరికీ చెప్పకూడదు. అది ఎప్పుడో తెలియదు.

ఏప్రిల్ 20, సోమవారం

ఉతికాను.

బుట్టలో ఉన్నవన్నీ ఉతికాను. మాసినవి చాలక ఉతికినవి కూడా మళ్ళీ ఉతికాను. పెరట్లో నిలబడి ఒక్కొక్కటే దులిపి, తాపీగా ఆరేశాను. ఆ మార్చి సోమవారం నుంచి వీధికి నా దండెమే కబురు; అందరూ చూస్తున్నారని వీపుకి తెలుస్తోంది. ఏదో కూనిరాగం కూడా తీశాను.

మిసెస్ ట్రెనౌత్ గోడ మీదుగా మిసెస్ బంట్‌తో, మా కాలేజీ పిల్ల ఉతికిందమ్మా, చూశావా, అంది. ఆ గొంతులో అంత తేలిక ఈ మధ్య వినలేదు. చూశాలే, దులపడం ఇప్పటికీ రాలేదు, నీళ్ళన్నీ నా మొహాన, అని మిసెస్ బంట్ నవ్వింది. పై వీధిలో ఎవరో కిటికీ తీసి దుప్పటి వేశారు.

లవ్‌డే వచ్చి నా బట్టల పక్కన జాగో తెల్ల చొక్కా ఆరేసింది. బాప్తిస్మానికి వేసుకోవాలి కదా, పెట్టెలో పెట్టి పసుపెక్కింది, అంది. గాలికి ఆ చొక్కా చెయ్యి నా చొక్కా మీద పడుతోంది. విడదీసి క్లిప్పు పెట్టాను.

ఏప్రిల్ 22, బుధవారం

ఈ రోజు లవ్‌డే అడిగింది. ఓడ ఎక్కడుందని అడగను, నువ్వేమీ చెప్పొద్దు, అంది. బాడ్మిన్‌లో వాళ్ళమ్మ రమ్మంటోందట. ఇక్కడ ఎప్పుడు బాంబు పడుతుందో తెలియదు, అక్కడ గుడ్లూ పాలూ ఉన్నాయి, మంత్రసాని పక్క పొలంలోనే ఉంటుంది. వెళ్ళాలనే ఉందట. కానీ జాగో జూన్ లోపు ఒకసారి రావచ్చన్నాడు. గంట కోసం ఓడ ఎలాగూ ఈ రేవుకే రావాలి. నేను అక్కడ ఉండిపోతే వాడు వచ్చి ఖాళీ మంచం చూస్తాడు, అంది. వెళ్ళమంటావా, ఆగమంటావా? ఒక్క మాట చెప్పు చాలు.

వెళ్ళు అనాలి. వెళ్ళు అంటే ఆమెకీ బిడ్డకీ మంచిది. వెళ్ళు అంటే వాడు రాడని చెప్పినట్టే. రొట్టె కోస్తున్న కత్తి అలాగే పట్టుకుని నా కళ్ళలోకి చూస్తోంది.

ఆగు, అన్నాను.

నా గొంతు ఎంత మామూలుగా ఉందంటే నాకే అసహ్యం వేసింది. ఆమె నా బుగ్గ మీద ముద్దు పెట్టి, పెద్ద ముక్క నాకు ఇచ్చింది.

ఏప్రిల్ 23

ఆ రొట్టె తిన్నాను.

ఏప్రిల్ 26, ఆదివారం

పక్కింట్లో మోర్వెన్నాకి పళ్ళు వస్తున్నాయి. పొద్దున్నుంచి ఒకటే ఏడుపు. పిల్ల పేరు ఆ గంటతో పాటు ఎక్కడో మంచు సముద్రం అడుగున ఉంది. పిల్ల ఇక్కడ గోడ అవతల గుక్కపెడుతోంది. వాళ్ళమ్మ జోకొడుతూ, నాన్న పాత ఓడలో నీ పేరుందే, ఏడిస్తే చెరిపేస్తారు, అంటోంది.

ఏప్రిల్ 27

ఉండబట్టలేక మిస్ హార్కోర్ట్ దగ్గరికి వెళ్ళాను. ఇంటివాళ్ళకైనా చెప్పొచ్చు కదా అన్నాను. మీ వాళ్ళా, అంది. అద్దెకుంటున్న ఇల్లు అన్నాను. ఓడ మునిగిందని శత్రువుకి ఇంకా రూఢిగా తెలియదు, తెలిసేదాకా అక్కడున్న మిగతా ఓడలకి అంతో ఇంతో రక్ష, అంది. అది నిజమే. అబద్ధమైతే పోట్లాడేదాన్ని.

సిగరెట్ ఇచ్చింది. నిరుడు తన తమ్ముడి ఓడ మునిగిన సందేశం తనే టైపు చేసిందట. ఆ ఆదివారం అమ్మానాన్నలతో కలిసి భోజనానికి కూర్చుందట. మటన్ బాగా కుదిరింది అని మా అమ్మతో అన్నాను, అంది.

మే 7, గురువారం

టెలిగ్రాం వచ్చింది.

పోస్టావిడ గేటు దగ్గరే ఆగిపోయింది. మిసెస్ ట్రెనౌత్ చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది, తుడుస్తూనే ఉంది, తీసుకోలేదు. లవ్‌డే తీసుకుని నా చేతిలో పెట్టింది. చదువుకున్నదానివి, నువ్వే చదువు, అంది.

చదివాను. యుద్ధ విధుల్లో గల్లంతయ్యాడని, మరణించినట్టు భావిస్తున్నామని. ఓడ పేరు ప్రకటించేదాకా ఎవరితోనూ అనవద్దని కూడా.

మిసెస్ ట్రెనౌత్ కూర్చుండిపోయింది. లవ్‌డే కాగితం వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. ఇది నువ్వు ముందే చదివావు, అంది. అడగడం కాదు, చెప్పింది. బజారు చీటీ చదివినా నువ్వు ఒకచోట ఆగుతావు, కళ్ళజోడు పైకి తోస్తావు, దీనికి ఎక్కడా ఆగలేదు, అంది.

కాగితం మడిచి బల్ల మీద పెట్టాను.

నేను అడిగిన రోజుకి నీకు తెలుసా, అంది. తెలుసు అన్నాను. వాడి చొక్కా ఆరేసిన రోజుకి? తెలుసు.

మరి ఆగమన్నావు, అంది. ఎవరి కోసం ఆగమన్నావు?

ఆ పిల్లనేమీ అనకు, నోట్లో గుడ్డ కుక్కి పంపిస్తున్నారు దాన్ని, అంది మిసెస్ ట్రెనౌత్. నా వైపు తిరిగింది. ఏదో అడగబోయింది. పెరాన్ అనే పేరు పెదవుల దాకా వచ్చింది, నేను చూశాను. నా కళ్ళలోకి చూడబోయి చటుక్కున తల తిప్పుకుంది.

మే 11, సోమవారం

మూట కట్టుకుని వెళ్ళిపోతానన్నాను. ఎక్కడికి వెళ్తావు, కూర్చో, అంది లవ్‌డే. తను మాత్రం బాడ్మిన్ ఎందుకు వెళ్ళలేదని అడగడానికి నాకు నోరు రాలేదు. తనే చెప్పింది. బస్సులో అంత దూరం ఊగడం ఇప్పుడు మంచిది కాదంది నర్సు. రెండు వారాల కింద అయితే వెళ్ళగలిగేదాన్ని, అంది. గొంతులో కోపం లేదు. సంగతి చెప్పింది, అంతే.

మే 25, సోమవారం

నాకు ముందే తెలుసన్న సంగతి వీధంతా పాకింది. నిన్న చర్చిలో నా బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు. ఈ రోజు మిసెస్ బంట్ ఎదురొచ్చి, నన్ను చూసి, పిల్లని ఎత్తుకుని రోడ్డు దాటేసింది. కోపం కాదు. భర్త ఓడ ఎక్కడుందో ఆమెకి తెలియదు, నాకు తెలిసి ఉండొచ్చు. మిసెస్ ట్రెనౌత్ నా పళ్ళెం పెట్టి, పళ్ళెంతోనే మాట్లాడుతుంది, ఇంకాస్త పెట్టనా అని. పెరాన్ ఓడ సముద్రం మీద ఉంది.

ఈ వీధిలో నా మొహంలోకి తిన్నగా చూసేది లవ్‌డే ఒక్కతే. ఆమెకి సముద్రం మీద ఇంకెవరూ లేరు.